బిరడా తీసిన తరువాత

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ వేదిక మీద కరువు భత్యం బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి, "డి.ఏ. సంగతి చెప్పేవాళ్లు నలుగురున్నారు, మీరు మీ శాఖ సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. నేను ఉమ్మడి రాష్ట్రంలో ఆబ్కారీ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, ముప్పై నాలుగేళ్లు కలం పట్టి, గుమాస్తాగానే దిగిపోయినవాణ్ణి. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. నేను ఆ చెట్టు కింద కూర్చుని ఫైళ్లు రాశాను. కాబట్టి మా బంధువుల్లో నా గురించి ఏమనుకున్నారో మీరు ఊహించుకోవచ్చు.

విషయం ఏమిటంటే, మన సభ్యుల్లో చాలామంది పిల్లల దగ్గరికి అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లి ఆరేసి నెలలు ఉండి వస్తున్నారు. అక్కడ పిల్లల ఇళ్లలో ఫ్రిజ్ తలుపు తీస్తే పెరుగు డబ్బా పక్కన సగం తాగి పెట్టిన వైను సీసా కనిపిస్తుంది. మన తరం వాళ్లకు అది చూడగానే గుండె దడ. ఆ మొదటి దడ తగ్గాక రకరకాల సందేహాలు. మూత తీసి నాలుగు రోజులైంది, విషమైపోతుందా? నిలవున్న కొద్దీ మత్తు పెరుగుతుందా? ఒక సభ్యుడి ఇంట్లో అయితే ఆయన శ్రీమతి గారు, పాడైపోయిందనుకుని, సీసా మొత్తం సింకులో వంచేశారట. కోడలు మూడు రోజులు ముభావంగా ఉందట. ఈ సందేహాలు గత ఏడాదిగా ఉదయపు నడకలో నన్నే అడుగుతున్నారు. అందరికీ కలిపి ఒకసారి చెప్పేద్దామని ఈ విషయం ఎంచుకున్నాను. తాగమని చెప్పడానికి రాలేదు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంత తక్కువ మద్యమైనా ఆరోగ్యానికి క్షేమమని చెప్పలేమని ప్రకటించింది. ఆ మాట మీద నాకు ఇంకో మాట లేదు. కానీ ఒక వస్తువు ఎట్లా మారుతుందో తెలుసుకోవడం వేరు, దాన్ని పుచ్చుకోవడం వేరు గదా.

ముందు వైను అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ద్రాక్షరసంలో చక్కెర ఉంటుంది. ఈస్టు అనే సూక్ష్మజీవి ఆ చక్కెరను తిని, ఆల్కహాలును, మనం చిన్నప్పుడు బడిలో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్న కార్బన్ డయాక్సైడును వదులుతుంది. సాధారణంగా సీసాలో నూటికి పన్నెండు నుంచి పధ్నాలుగు పాళ్లు ఆల్కహాలు. మిగతాది చాలా వరకు నీరే. మరి రంగు, వగరు, వాసన ఎక్కడివి అంటే, ద్రాక్ష తోలు నుంచి, గింజ నుంచి, చెక్క పీపా నుంచి దిగిన వందలాది పదార్థాలు. ఆ పదార్థాల కోసమే ఒక సీసా అయిదు డాలర్లు, ఇంకో సీసా అయిదు వందల డాలర్లు.

మూత బిగించి ఉన్నంత కాలం ఇవన్నీ మెల్లగా, ఏళ్ల తరబడి సర్దుకుంటూ ఉంటాయి. మూత తీయగానే లోపలికి గాలి వస్తుంది. ఇక అక్కడి నుంచి లెక్క ఏళ్లలో కాదు, గంటల్లో.

మొదటి గంట, రెండు గంటల్లో జరిగేది తరచు మంచే. కొన్ని సీసాల్లో తీసీతీయగానే గంధకపు వాసన, అగ్గిపుల్ల గీసినట్టుగా, కొన్నిట్లో ఉడికిన కోడిగుడ్డు వాసన వస్తుంది. గాలి తగిలితే అది ఎగిరిపోతుంది. అందుకే కొందరు వెడల్పు గాజు కూజాలోకి వంచి కాసేపు ఉంచుతారు. మా అబ్బాయి స్నేహితుడొకాయన నాకు ఈ తంతు అంతా చూపించి, "అంకుల్, ఇది ఊపిరి పీల్చుకుంటోంది" అన్నాడు. వినడానికి బాగుంది. అయితే బోర్డోకు చెందిన ఎమిల్ పేనో అనే పెద్ద పండితుడు అంత ముందుగా వంచి ఉంచడం వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువని, ఉన్న సువాసన కూడా పోతుందని చెప్పాడు. అడుగున మడ్డి ఉన్న పాత సీసాను తేర్చడానికైతే సరే, లేకపోతే గ్లాసులో పోసుకుని తిప్పితే చాలునని ఆయన పక్షం. నాకు ఆయన మాటే సబబుగా తోస్తుంది. వగరు మాత్రం ఒక గంటలో ఏమీ కరిగిపోదు.

ఆ తరువాత జరిగేది మన వంటింట్లో రోజూ చూసేదే. వంకాయ కోసి ఉప్పునీళ్లలో వేయకపోతే ఏమవుతుంది? నల్లబడుతుంది. కోసిన చోట గాలిలోని ఆక్సిజన్ తగిలి, లోపలి వగరు పదార్థాలు రంగు మారుతాయి. వైనులోనూ దాదాపు అదే. తెల్ల వైను గడ్డి రంగు నుంచి ముదురు పసుపుకు, ఆపై గోధుమ రంగుకు తిరుగుతుంది. ఎర్రది ఇటుక రంగుకు దిగుతుంది. ఆ మార్పుల్లో పుట్టే పదార్థం కొంత ఆల్కహాలును ఎసిటాల్డిహైడు అనేదానిగా మారుస్తుంది. పేరు నోరు తిరగనిది, వాసన మాత్రం పోల్చుకోవడం సులభం. దెబ్బ తగిలి మెత్తబడిన యాపిల్ పండు వాసన. ఫ్రిజ్‌లోని సీసా ఆ వాసన వేస్తే మొదటి మెట్టు దిగినట్టు. విషం కాదు, రుచి పోయింది అంతే.

దీన్ని ఆపడానికే వైనులో గంధకం సంబంధమైన సల్ఫైటు కలుపుతారు. అది ముందుకు వచ్చి ఆక్సిజన్ తెచ్చే తగవును తన మీద వేసుకుంటుంది. కానీ సీసాలో అది ఉండేది కొద్దిగానే. గాలి వస్తున్న కొద్దీ ఖర్చయిపోతుంది. మన కంటింజెన్సీ నిధి లాంటిదన్నమాట, మార్చి దాకా రాదు. ఇంకో మాట, మనలో ఉబ్బసం ఉన్నవాళ్లు కొందరికి ఈ సల్ఫైటు పడదు, ఆయాసం ఎత్తుతుంది. చాలా దేశాల్లో సీసా మీద ఈ సంగతి అచ్చు వేస్తారు. పిల్లలు ఎవరైనా "ఒక్క గుక్క చూడండి నాన్నా" అంటే, ఆయాసం ఉన్నవాళ్లు ఆ చిన్న అక్షరాలు చదివాకనే జవాబు చెప్పండి.

మూడో మెట్టు పులుపు. గాలిలోను, ద్రాక్ష మీద, ఈగల కాళ్ల మీద తిరిగే ఒక రకం బాక్టీరియా ఉంది. దానికి ఆల్కహాలూ కావాలి, గాలీ కావాలి. రెండూ దొరికిన చోట అది ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. అదే వెనిగర్. ఫ్రెంచి భాషలో ఆ మాటకు అర్థమే పులిసిన వైను. చూశారా, మత్తు పెరుగుతుందేమోనన్న సందేహానికి జవాబు ఇక్కడ ఉంది. పులుస్తున్న కొద్దీ ఆల్కహాలు తరుగుతుంది గాని పెరగదు. పులిస్తే బాగా ఎక్కుతుందని మన పల్లెల్లోనూ ఒక నమ్మకం ఉంది, దాని సంగతికి తరువాత వస్తాను.

ఈ పులుపు రహస్యం విప్పినవాడు లూయీ పాశ్చర్. కుక్కకాటు మందు వల్ల మనకు ఆయన పేరు తెలుసు, పాల పాకెట్ మీదా ఆయన పేరే ఉంటుంది. కానీ పాశ్చరీకరణ మొదట పాల కోసం పుట్టలేదు, వైను కోసం పుట్టింది. 1860లో ఫ్రాన్సు ఇంగ్లండుతో వర్తక ఒప్పందం చేసుకున్నాక ఎగుమతులు పెరిగాయి, దాంతో దారిలో సరుకు చెడిపోతోందన్న గోలా పెరిగింది. 1863లో చక్రవర్తి మూడవ నెపోలియన్ ఈ తెగుళ్ల సంగతి చూడమని పాశ్చర్‌ను కోరాడు. పాశ్చర్ పెరిగిన ఊరు ఆర్బ్వా, జూరా కొండల దగ్గర ద్రాక్షతోటల ఊరు. పని అక్కడే మొదలుపెట్టాడు. సూక్ష్మదర్శిని కింద చెడిన వైను చూసి, ఒక్కొక్క తెగులుకు ఒక్కొక్క రకం సూక్ష్మజీవి అని పట్టుకున్నాడు. వైనును 50, 60 డిగ్రీల మధ్య కాసేపు వేడిచేస్తే అవి చస్తాయని తేల్చాడు. 1866లో పుస్తకం వేశాడు.

అయితే నాకు నచ్చింది ఆయన చేసిన ఇంకో చిన్న పరీక్ష. కొన్ని గాజు గొట్టాలు నిండుగా వైనుతో నింపి మూతి కరిగించి మూసేశాడు. కొన్నిట్లో సగమే పోసి, సగం గాలి ఉంచి మూసేశాడు. నిండుగా ఉన్నవి రంగు మారలేదు. సగం గాలి ఉన్నవి రంగు విరిగి, అడుగున మడ్డి పట్టాయి. పైసా ఖర్చు లేని పరీక్ష. మీ ఇంట్లో అబ్బాయి అడిగే ప్రశ్నకు జవాబంతా అందులో ఉంది.

ఎట్లాగంటారా? సగం ఖాళీ అయిన సీసాకు మూత మళ్లీ బిగించితే చాలుననుకుంటాం. కానీ బిగించేది వైనును ఒక్కదాన్నే కాదు, గాలితో సహా. ముప్పావు లీటరు సీసాలో సగం తాగితే లోపల దాదాపు 375 మిల్లీలీటర్ల గాలి. అందులో అయిదో వంతు, అంటే ఇంచుమించు 75 మిల్లీలీటర్లు, ఆక్సిజన్. మిగిలిన వైను ఒక విడతకు కరిగించుకోగలిగేది రెండు మిల్లీలీటర్లకు కాస్త పైన. అంటే ముప్పై విడతలకు సరిపడా సరుకు లోపలే పెట్టి తాళం వేశామన్నమాట. అందువల్ల చేయవలసింది, మిగిలినదాన్ని శుభ్రంగా కడిగి ఆరబెట్టిన చిన్న సీసాలోకి అంచు దాకా పోసి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచడం. మన ఆడవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. ఆవకాయ జాడీలో పైన నాలుగు వేళ్ల నూనె తేలాలని ఎందుకంటారు? ముక్కకు గాలి తగలకూడదని. జాడీ సగమయ్యాక చిన్న జాడీలోకి ఎందుకు మారుస్తారు? అందుకే. తడి గరిటె పెట్టవద్దని మా అమ్మ అరిచేది కూడా సూక్ష్మజీవుల గురించే, ఆమెకు పాశ్చర్ తెలియకపోయినా.

ఎన్నాళ్లు ఉంటుంది అన్నదానికి ఒకే జవాబు లేదు. ఫ్రిజ్‌లో పెడితే మామూలు తెల్లదీ ఎర్రదీ మూడు నుంచి అయిదు రోజులు రుచి నిలబడతాయి. ఎర్రది గదిలో ఉంచాలన్న నియమం తాగేటప్పటికి గాని దాచేటప్పటికి కాదు. చల్లదనంలో మార్పు మందగిస్తుంది. నురుగు వచ్చే రకం, షాంపేన్ లాంటిది, మరుసటి రోజుకే సగం చప్పబడుతుంది. దాని మూతిలో వెండి చెంచా వేలాడదీస్తే నురుగు నిలుస్తుందని ఐరోపాలో ఒక నమ్మకం. అది ఒట్టిమాట, గట్టి మూత ఒక్కటే మార్గం.

ఇక గాలికి చెక్కుచెదరనివి కూడా ఉన్నాయి. పోర్చుగీసువారి మదీరా దీవి వైను సంగతి చెబుతాను. అది మన దిక్కుకూ వచ్చింది. 18వ శతాబ్దంలో తూర్పు దేశాలకు వచ్చే ఓడలు ఆ దీవి దగ్గర ఆగి పీపాలు ఎక్కించుకునేవి. మద్రాసు కోటలోని కంపెనీ దొరలకు మదీరా అంటే ప్రాణం. భూమధ్యరేఖ మీదుగా నెలల తరబడి ఓడ అడుగున ఉడికి, కుదుపులకు గాలి తగిలి వచ్చిన వైను చెడిపోవాలి గదా? చెడిపోలేదు, మెరుగయింది. అప్పటి నుంచి దీవిలోనే కావాలని వేడిచేసి తయారుచేయడం మొదలుపెట్టారు. దానిలో బ్రాందీ లాంటి ద్రాక్ష స్పిరిటు కలిపి బలం పెంచుతారు. గాలి చేయగలిగిన కీడంతా ముందే చేసేసింది కాబట్టి, మూత తీశాక నెలలు గడిచినా అది అట్లాగే ఉంటుంది. మన శాఖల్లో పాత ఉద్యోగులు కొందరు ఉండేవారు, ఎన్ని ట్రాన్స్‌ఫర్లు వచ్చినా చలించేవారు కాదు, వాళ్లు గుర్తుకు వస్తారు నాకు.

పాశ్చర్ గారి జూరాలోనే ఇంకొకటి ఉంది, పసుపు వైను అంటారు. పీపాలో ఆరు సంవత్సరాల మూడు నెలలు కదపకుండా ఉంచాలని నియమం. ఆవిరైపోయిన చోట కొత్తది పోయరు. పైన ఈస్టు తెర కట్టి, గాలిని కొద్దికొద్దిగా మాత్రమే లోపలికి రానిస్తుంది. లీటరు పోస్తే చివరికి మిగిలేది 62 సెంటీలీటర్లని లెక్కగట్టి, సీసా కూడా ఆ కొలతకే చేస్తారు. తరుగును ఇంత నిజాయితీగా సీసా మీద చూపించిన రికార్డు నేను మరెక్కడా చూడలేదు. మా రోజుల్లో గోడౌను తరుగు లెక్కలు ఎట్లా ఉండేవో ఇక్కడున్న పాత మిత్రులకు తెలుసు.

ఇప్పుడు మన కల్లు సంగతికి వస్తాను. నిజానికి నాకు తెలిసింది అదే.

వైనుకు సీసా ఉంది, బిరడా ఉంది. కల్లుకు బిరడా ఎక్కడిది? చెట్టు మీద లొట్టి కట్టిన నిమిషం నుంచే అది మూత తీసిన సీసా. గీత కత్తితో పలచగా చెక్కిన చోట నుంచి చుక్క చుక్కగా దిగే రసం తియ్యగా, అమాయకంగా ఉంటుంది. అదే నీరా. నూటికి పదీ పన్నెండు పాళ్లు చక్కెర. కానీ లొట్టి లోపల నిన్నటి కల్లు తాలూకు ఈస్టు కాచుకుని ఉంటుంది. రాత్రంతా దిగిన రసం తెల్లవారేసరికే సగం కల్లు. పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, సాయంత్రానికి పులుపు, మర్నాటికి వెనిగర్ దారి. ఆల్కహాలు నూటికి నాలుగు నుంచి ఆరు పాళ్ల దాకా ఎక్కి, అక్కడి నుంచి దిగడం మొదలవుతుంది. ద్రాక్ష వైను మూత తీశాక వారంలో చేసే ప్రయాణం కల్లు ఒక పగటిలో చేస్తుంది. పులిసిన కల్లు బాగా ఎక్కుతుందనే మాట మధ్యాహ్నం వరకు నిజం, మర్నాటికి అబద్ధం.

లొట్టికి లోపల సున్నం పూస్తే ఈస్టు పెరగదు, నీరా నీరాగా ఉంటుంది. దాన్ని వెంటనే చల్లబరచాలి. 2023 మే నెలలో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది గదా, అక్కడ దొరికేది అది. నేను మనవళ్లను తీసుకుని వెళ్లాను. పెద్దవాడు కొబ్బరినీళ్లలా ఉందన్నాడు, చిన్నవాడు ఐస్‌క్రీమ్ అడిగాడు.

కల్లుకు ఉన్న ఈ ఒక్క పగటి ఆయుష్షు మీదే గీత కార్మికుడి సంసారం నడుస్తుంది. బియ్యం వర్తకుడు ధర రాలేదని వారం ఆగగలడు. కల్లు గీసినవాడు మధ్యాహ్నం దాకా కూడా ఆగలేడు. మోకు, ముస్తాదు వేసుకుని రోజుకు రెండు పూటలా చెట్టెక్కి, కాలు జారితే నడుము విరుగుతుందని తెలిసి దించిన సరుకు, కొనేవాడు చెప్పిన ధరకు ఇచ్చేయాలి. ముప్పై నాలుగేళ్లలో నేను చూసిన గొడవల్లో సగం ఈ గడియారం గొడవలే.

ఒకటి చెబుతాను. ఊరు, పేర్లు, ఆఫీసు అనవసరం. ఒక గీత కార్మికుడు నిన్నటి పాసి కల్లు కలిపి అమ్ముతున్నాడని పోటీవాళ్లు అర్జీ పెట్టారు. ఉదయం ఏడు గంటలకు దుకాణంలో నమూనా తీసి, సీసాలో పోసి, లక్కతో సీలు వేశారు. వేసవి కాలం. మధ్యలో సెలవులు వచ్చాయి, తీసుకెళ్లే మనిషి దొరకలేదు. సీసా బీరువాలోనే ఉండిపోయింది. కల్లుకు సీలు వేసినంత మాత్రాన అది ఆగదు గదా. లోపల వాయువు పుట్టి, మూడో రోజున బిరడాను తోసేసింది, లక్క పగిలింది. మళ్లీ కొత్త బిరడా వేసి, మళ్లీ సీలు వేశారు. తొమ్మిదో రోజున ప్రయోగశాలకు చేరింది. నమూనా మిక్కిలి ఆమ్లముగా ఉన్నది, తాజా కల్లు కాదు అని రిపోర్టు వచ్చింది. ప్రయోగశాల వారు రాసిందాంట్లో తప్పేమీ లేదు. వాళ్ల ముందున్న సీసా నిజంగానే పులిసింది. దాని మీద ఆ మనిషి లైసెన్సు నిలిపివేశారు.

ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను, కానీ తారీకులు చూడడం నా ఉద్యోగం. నమూనా తీసిన తేదీ, పరీక్షించిన తేదీ పక్కపక్కన ఎరుపు సిరాతో గీసి, తొమ్మిదో రోజు పులుపు మొదటి రోజు ఉదయపు సంగతి చెప్పజాలదని, పైగా మధ్యలో సీలు చెడినట్లు రికార్డే చెబుతున్నదని నోటు పెట్టాను. పైవారు ఒప్పుకున్నారు. లైసెన్సు తిరిగి ఇచ్చారు. అయితే అప్పటికి అయిదు నెలలు గడిచాయి. ఆ చెట్లు ఆ ఏటికి ఆరిపోయాయి. పెద్దకూతురి పెళ్లికని దాచుకున్నది తినేశాడని తరువాత విన్నాను.

ఆ మనిషి నేరం చేశాడా, చేయలేదా అన్నది నాకు ఈనాటికీ తెలియదు. సీసా మాత్రం చెప్పలేకపోయింది.

ఇంతవరకు నేను చెప్పినవన్నీ ముక్కుకు తెలిసే మార్పులు. యాపిల్ వాసన, వెనిగర్ వాసన, ఇంకా ముదిరితే గోళ్ల రంగు వాసన. వైనైనా, కల్లయినా, అసలు సరుకు చెడితే తానే చెప్పుకుంటుంది. భయపడవలసింది చెప్పుకోనిదాన్ని చూసి. ఒక్క పగటి ఆయుష్షు ఉన్న సరుకును రాత్రి దాకా అమ్మాలంటే, పది చెట్ల కల్లును వంద మందికి పోయాలంటే ఏం చేస్తారు? నీళ్లు కలుపుతారు. తీపి పోతుంది కాబట్టి శాకరిన్ కలుపుతారు. మత్తు పోతుంది కాబట్టి క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు, డైజిపామ్ కలుపుతారు, అల్ప్రజోలం కలుపుతారు. శాకరిన్ ఈస్టుకు తిండి కాదు. అందువల్ల ఆ తీపి మధ్యాహ్నానికీ తీపే, సాయంత్రానికీ తీపే. పొద్దు తిరిగినా పులియని కల్లును చూస్తే నాకు అనుమానం. పులిసినంత మాత్రాన మంచిదని హామీ కూడా లేదు. ఆ మందు బిళ్లలకు వాసన లేదు, రంగు లేదు. అవి ప్రయోగశాలలోనే తేలాలి.

2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయిన వార్త మీరంతా చదివారు. పోయినవాళ్లలో చాలామంది వయసు మళ్లినవాళ్లు. చావు దాకా పోనివాళ్ల సంగతి పత్రికలకు ఎక్కదు. ఏళ్ల తరబడి ఆ కల్లు తాగినవాడికి ఒంట్లో ఆ మందు అలవాటైపోతుంది. దుకాణం మూతపడితే రెండో రోజుకే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, మూర్ఛలు, పిచ్చిచూపులు. 2015లో దాడులు ముమ్మరమైనప్పుడు తెలంగాణ జిల్లాల ఆసుపత్రులకు ఇట్లాంటివాళ్లను మోసుకొచ్చారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని తాయెత్తులు కట్టించారు. అది గాలి కాదు, మందు ఆగిపోయినందువల్ల వచ్చిన జబ్బు. ఒక్కసారిగా మాన్పించడం ప్రాణాపాయం, డాక్టరు చేత మెల్లగా తగ్గించాలి. మీ ఊళ్లో పాలేరు గాని, చాకలి గాని, మీ సొంత అన్నదమ్ములే గాని ఈ స్థితిలో కనిపిస్తే దయచేసి ప్రభుత్వాసుపత్రికి పంపండి.

ఇది మనకు సంబంధం లేదనుకోవద్దు. అల్ప్రజోలం, డైజిపామ్ మన బీరువాలోనూ ఉన్నాయి. నిద్ర పట్టడం లేదని డాక్టరు రాసిచ్చిన బిళ్లలు చాలావరకు ఆ జాతివే. వాటి మీద ఏ మద్యం పడినా, అది కొడుకు ఇంటి వైనైనా, మేనల్లుడి పెళ్లిలో కల్లయినా, నిద్రలో ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. షుగరు బిళ్లలు వేసుకునేవారికి చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు. రక్తం పలచబడే మందు వాడేవారు అసలు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. పిల్లలు ప్రేమగానే పోస్తారు, మన మందుల చీటీ వాళ్లకు తెలియదు. చీటీ చూపించండి, వాళ్లే సీసా దాచేస్తారు.

ఇక కోడలు గారి సీసా సంగతి మిగిలింది. వారం దాటి పులిసిపోతే ఆ వైను సింకులో పోయనక్కరలేదు, విషమూ కాదు. వెడల్పు మూతి గాజు జాడీలో పోసి, మూతికి పలచటి గుడ్డ కట్టి, చీమలు, ఈగలు చేరకుండా గట్టు మీద పెడితే కొన్ని వారాల్లో వెనిగర్ అవుతుంది. పైన పలచని తెర కడుతుంది, అదే ఆ బాక్టీరియా ఇల్లు, తీసేయవద్దు. బూజు పచ్చగానో నల్లగానో బొచ్చులా వస్తే మాత్రం పారబోయాలి. మా అబ్బాయి ఇంట్లో మా ఆవిడ అట్లా చేసి ఉల్లిపాయ ముక్కలు అందులో వేసింది. మిగిలిన సీసాలకూ ఆమె గుడ్డలు కొలుస్తుంటే మా కోడలు ఆపింది.

టిఫిను చల్లారుతోందని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. అడగవలసినవారు ఇడ్లీ తింటూ అడగవచ్చు, నేను ఆ మూల కుర్చీలోనే ఉంటాను. సెలవు.